చుక్కల పాప

"అయితే మీరు బతికే ఉన్నారన్నమాట."

"అదేం మాట సార్? ఉండకూడదా?"

"అబ్బెబ్బె, అది కాదమ్మా. ఉండాలి. నిక్షేపంలా ఉండాలి. ఊరికే అడిగానంతే."

"ఊరికే అడిగినట్టు లేదు. రండి, లోపలికి రండి. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది. ఇందులో కూచోండి. అమ్మా, స్టాంపుల ఆఫీసు నుంచి సార్ వచ్చారే. నా ఫోటోతో తపాలా బిళ్ళ వేస్తున్నారని చెప్పలా? ఈ సారే."

"వినబడిందిలే. ఆ ఫ్యాను ఆపు. వెల్లుల్లి పొట్టు ఇల్లంతా ఎగురుతోంది."

"ఆపితే సార్‌కి ఉక్కపోస్తుంది కదే."

"పోయనీ. ఆయనేం ఇక్కడ కాపురం పెట్టడానికి రాలేదుగా."

అది ఆస్పత్రి వెనకాల సిబ్బందికి కట్టించిన వరస ఇళ్ళలో చివరిది. వచ్చినాయన తపాలా శాఖలో స్మారక స్టాంపుల పని చూసే అధికారి. తలుపు తీసిన నడివయసు మనిషి ఆ ఆస్పత్రిలోనే చీటీలు రాసే కిటికీ దగ్గర కూచుంటుంది. పసితనంలో, కాళ్ళు పడిపోయే జబ్బు రాకుండా ఓ పెద్ద డాక్టరు చుక్కల మందు వేస్తుండగా తీసిన ఆమె ఫోటో పేపర్లన్నిటిలో పడింది. అప్పటినుంచి ఇప్పటిదాకా, కణతల దగ్గర జుట్టు నెరిసినా సరే, అందరికీ ఆమె చుక్కల పాపే. గోడవారగా పీట వేసుకుని వెల్లుల్లి ఒలుస్తున్నావిడ ఆమె తల్లి. అధికారి వస్తున్నాడని ఆస్పత్రికి కబురొచ్చినప్పటినుంచి పాపకి కాలు నిలవలేదు. జుట్టుకి రంగు వేసుకుంది. బిళ్ళ విడుదల చేసే సభకి పిలవడానికే వస్తున్నాడనుకుంది.

"మా అమ్మ మాట తీరే అంత సార్, పట్టించుకోకండి. కాఫీ తాగుతారా?"

"మంచినీళ్ళు చాలమ్మా."

"బిళ్ళ తెచ్చారా సార్? తెచ్చే ఉంటారు. ఒక్కసారి చూపించరూ?"

"తెచ్చాను. తెచ్చాననుకోండి... ఇది ఇంకా విడుదల కాలేదు. నిజానికి బయటికి తీయకూడదు. అంచు పట్టుకోండి, వేలు బొమ్మ మీద పడనివ్వకండి."

"అయ్యయ్యో, చెయ్యి తడిగా ఉంది, ఉండండి... అమ్మా! ఇటు చూడవే! ఎంత మొహం, గోరంత! అయినా పాలపళ్ళు కూడా తెలుస్తున్నాయి. చూడవూ?"

"కళ్ళజోడు లోపలుంది."

"తేనా?"

"అక్కర్లేదు."

"కింద డాక్టరుగారి పేరేశారు. పుట్టిన ఏడు, పోయిన ఏడు. నా పేరు లేదేం సార్?"

"ఆయన జ్ఞాపకార్థం వేస్తున్నది కదమ్మా."

"ఆయనదే అనుకోండి, కానీ బొమ్మలో ఆయన ఉన్నదెంత? ఒక చెయ్యి, ఒక చెవి. మొహమంతా నాదేగా."

"అదే దీని అందం! కమిటీ ముందు ఎన్ని ఫోటోలు పెట్టారనుకున్నారు? డాక్టరుగారు పతకంతో, డాక్టరుగారు పుస్తకాల బీరువా ముందు, డాక్టరుగారు మంత్రితో. అన్నీ పక్కన పడేశారు. చేదు మందు నోట్లో పడుతుంటే నవ్వుతున్న పాప! చుక్క గాల్లో ఆగి ఉంది, ఇంకా పడలేదు, పాప నోరు తెరుచుకుని దానికోసం ఎదురుచూస్తోంది. ఇలాంటి ఫోటో ఇంకొకటి ఉంటే చూపించండి అన్నాడు మా చైర్మన్."

"విన్నావా అమ్మా?"

"నోరైతే తెరిచింది. అవును."

"ఈ ఫోటో కిందే కూచుంటాను సార్ నేను. మా కిటికీ పైన ఇంత పెద్దది ఫ్రేము కట్టించి పెట్టారు. పిల్లల్నెత్తుకుని వచ్చే తల్లులు కొందరుంటారు, వద్దమ్మా, చుక్కలొద్దు, జ్వరం వస్తుందంట అని నసుగుతారు. అప్పుడు లేచి నిలబడతాను. 'ఇదిగో, ఈ ఫోటోలో ఉన్నది నేనే. మేం కవలలం. నేను చుక్కలు వేయించుకున్నాను, ఇలా రాయిలా ఉన్నాను. మా చెల్లి వేయించుకోలేదు. కాళ్ళు పడిపోయి, ఊపిరందక పోయింది. ఇంక మీ ఇష్టం' అంటాను. అంతే. కిక్కురుమనకుండా వరసలో నిలబడతారు."

"కవలలా?"

"అచ్చు గుద్దినట్టుండేవాళ్ళమట. ఎవరు ఎవరో అమ్మకే తెలిసేది కాదట."

"అలాగని ఎవరు చెప్పారు నీకు?"

"నువ్వే చెప్పావు కదే."

"నేను చెప్పలేదు. డాక్టరు చెప్పాడు."

"ఎవరో ఒకరు చెప్పారులే. ఇంతకీ సార్, సభ ఎల్లుండేగా? నేనెక్కడ కూచోవాలి? వేదిక మీదా, కిందా? మాట్లాడమంటారా? నాకు మాట్లాడ్డం బాగా అలవాటే."

"దాని గురించే వచ్చానమ్మా. ఒక చిన్న చిక్కొచ్చిపడింది."

"ఏం చిక్కు?"

"ఎలా చెప్పాలో... మీకు స్టాంపుల సంగతి ఎంత తెలుసు?"

"అతికిస్తాం, ఉత్తరం పోతుంది."

"అంతే కదా. మొదట్లో అంతే. ఉత్తరం ఖర్చు కట్టేశారనడానికి గుర్తు. బొమ్మ కూడా ఒక్కటే ఉండేది, రాణిగారి తల. ఎక్కడ చూసినా ఏలినవాళ్ళ తలకాయలే. అలా చాలా ఏళ్ళు గడిచాక ఎవరికో బుద్ధి పుట్టింది. ఓ ఉత్సవం జరిగిందనుకోండి, ఓ వంతెన కట్టారనుకోండి, ఓ మహానుభావుడు పోయాడనుకోండి, దానికి గుర్తుగా ఒక బిళ్ళ వేస్తే? వేశారు. జనం ఏం చేశారో తెలుసా? కొన్నారు గానీ అతికించలేదు. దాచుకున్నారు! డబ్బులు మనకొచ్చాయి, మొయ్యడానికి ఉత్తరం లేదు. ఇంతకన్నా సుఖమైన వ్యాపారం ఉందా? ఇంక ఆగుతారా ఎవరైనా? అదీ స్మారక స్టాంపు పుట్టుక."

"బాగానే ఉంది. ఇందులో చిక్కేముంది?"

"చిక్కు ఎవరి బొమ్మ వెయ్యాలన్న దగ్గర వస్తుంది. రాజుల రోజులు పోయాయి. బతికున్నవాళ్ళ బొమ్మలేశామనుకోండి, ప్రతి మంత్రీ తన తల వేయించుకుంటాడు. పోనీ నిజంగా గొప్పవాడికే వేశామనుకోండి, రేపు వాడు ఏ లంచమో తిని దొరికాడంటే? అప్పటికే ఇంటింటికీ పంచేసి ఉంటాం వాడి మొహం. చచ్చినవాడితో ఆ బెడద లేదు. ఇంక మాట మార్చడు. అందుకని నియమం పెట్టుకున్నాం. బతికున్న మనిషిని బిళ్ళ మీదికి ఎక్కించం."

"మంచిదే. డాక్టరుగారు పోయారు కదా మరి."

"ఆయన పోయారు. ఆయనతో ఏ ఇబ్బందీ లేదు."

"మరి?"

"ఇబ్బంది మీతోనమ్మా."

"నేనేం చేశాను?"

"ఏమీ చెయ్యలేదు. పోలేదు, అంతే. తప్పుగా అనుకోకండి. అచ్చయిపోయాక ఎవరో పై ఆఫీసరు అడిగాడు, ఇందులో పాప ఎవరు, ఉందా పోయిందా అని. మాకెవరికీ తట్టలేదు. పాత ఫోటో కదా, అందరూ పోయే ఉంటారనుకున్నాం. కనుక్కు రమ్మని నన్ను తోలారు."

"అంటే నేను పోయానేమో చూసి రమ్మన్నారు."

"అలా అంటే బాగుండదు."

"ఎలా అంటే బాగుంటుంది సార్?"

తల్లి చేతిలో వెల్లుల్లి రెబ్బ చిటుక్కుమంది. పాప బిళ్ళని ఇంకా అంచు పట్టుకునే ఉంది. వేలు జరిపితే మొహం నలిగిపోతుందేమోనన్న భయం ఆమెని వదల్లేదు.

"మరి ఇప్పుడేం చేస్తారు?"

"దారి ఉంది. మీ మొహం తీసేసి మళ్ళీ అచ్చు వెయ్యడం. రాత్రికి రాత్రి చేసేస్తామంటున్నారు ప్రెస్సువాళ్ళు."

"నా మొహం తీసేస్తే ఏముంటుంది ఇందులో? ఆయన చెయ్యి, ఆ చుక్క. చుక్క ఎక్కడ పడుతుంది?"

"అదే గొడవ. మా ఆర్టిస్టు తీసేసి చూపించాడు. డాక్టరుగారు కుండీలో మొక్కకి మందు కొడుతున్నట్టుంది. నవ్వాం కూడా. క్షమించాలి. ఇంకో పిల్ల తల ఏదైనా గీసి పెడతానంటున్నాడు."

"ఎవరి తల?"

"ఎవరిదీ కాదమ్మా, ఊహించి. గుండ్రటి మొహం, రెండు పిలకలు."

"నా ఒంటికి?"

"మీ ఒంటికే."

"సభకి కొత్త బట్టలు కుట్టించుకున్నాను సార్. చుట్టుపక్కల నలుగురికీ చెప్పాను. మా ఆయన పనిచేసే లాండ్రీలో అందరికీ చెప్పుకున్నాడు. చెప్పక ఊరుకుంటాడా, ఆయన నన్ను చేసుకున్నదే ఈ ఫోటో చూసి."

"సభకి మీరు రాకపోతేనే మంచిదమ్మా ఏ రకంగా చూసినా. విలేకర్లు ఉంటారు. బతికున్న పాప వచ్చి ఎదురుగా కూచుంటే మా పరువేం కాను?"

"ఇంతేనా? ఇంకో దారి లేదా?"

"ఉందనుకోండి. ఇప్పుడే తట్టింది నాకు కూడా. మీరు చెప్పిన మాట నుంచే తట్టింది. చెప్పమంటారా?"

"చెప్పండి."

"మీ చెల్లెలు పోయింది కదా."

"చిన్నప్పుడే."

"అచ్చు గుద్దినట్టు మీలాగే ఉండేది."

"ఉండేది. అయితే?"

"ఈ ఫోటోలో ఉన్నది ఆవిడే అనుకుందాం."

"ఎలా అనుకుంటాం? అది నేను!"

"అబ్బ, మీరేనమ్మా, కాదన్నానా? ఊరికే అనుకుందాం. పెద్దమ్మగారు ఒక్క మాట అంటే చాలు. ఈ పాప పోయింది బాబూ అని. నేను ఇక్కణ్ణించే పైకి ఫోన్ చేసేస్తాను. మళ్ళీ అచ్చు లేదు, పిలకల పిల్ల లేదు. మీ మొహం మీ మొహంలా ఉండిపోతుంది. దేశదేశాల ఆల్బమ్‌లలో ఉండిపోతుంది. మీరు పోయాక కూడా."

"నేను పోయాక కూడా కాదు. పోయినట్టు."

"మాటలు పట్టుకుంటే ఎలా?"

"సార్, చుక్కలు వేయించుకున్న పిల్ల చచ్చిపోయిందంటే ఏమవుతుందో ఆలోచించారా? రేపు నా కిటికీ దగ్గరికి ఏ తల్లొస్తుంది? కొత్త బట్టలు పోతే పోయాయి. 'వేయించుకున్నాను, బతికున్నాను' అని చెప్పడమే సార్ నా ఉద్యోగం. నాకొచ్చిందల్లా ఆ ఒక్క ముక్కే. చదువబ్బలేదు. పిల్లలు కలగలేదు. ఎక్కడికెళ్ళినా చుక్కల పాపొచ్చిందంటారు, కుర్చీ వేస్తారు. అది తీసేస్తే నేనెవర్ని?"

"బయట ఎవరికీ చెప్పం. ఆఫీసులో మా మధ్యనే ఉంటుంది. కాకపోతే ఆ ఫోటో కింద నిలబడి 'ఇది నేనే' అనడం మాత్రం మానెయ్యాలి. మిమ్మల్ని వేరే కిటికీకి మార్పిస్తాం. మందులిచ్చే వైపు. నీడగా ఉంటుంది."

"అంటే నా మొహం ఉండాలంటే నేను పోవాలి. నేను ఉండాలంటే మొహం పోవాలి."

"సూటిగా చెప్పాలంటే అంతే."

"అయితే చెరిపెయ్యండి."

"తొందరపడకండి."

"తొందరేం లేదు. మొహం మీద తెల్లరంగు కొట్టుకోండి, పిలకలు పెట్టుకోండి, మొక్కకి మందు కొట్టుకోండి. నేను బతికే ఉన్నాను. రాసుకోండి. ఇదిగో మీ బిళ్ళ."

"సరే మరి. మీ ఇష్టం. చెప్పాల్సింది చెప్పాను. ఫోన్ చేసి తీసెయ్యమంటాను..."

"ఉంచు నాయనా."

"ఏంటి పెద్దమ్మగారూ?"

"తీసెయ్యొద్దు. ఉంచు. ఆ పిల్ల పోయింది."

"అమ్మా!"

"నువ్వు నోర్ముయ్యి. అడిగింది నన్ను."

"అమ్మా, నీకు అర్థమైందా ఏమంటున్నావో? ఏ పిల్ల పోయింది?"

"ఫోటోలో పిల్ల. చుక్క కోసం నోరు తెరిచిన పిల్ల. పోయి చాలాకాలమైంది బాబూ. చెరపాల్సిన పని లేదు. పైవాళ్ళకి అలాగే చెప్పు."

"అబ్బ, బతికించారు పెద్దమ్మగారూ! ఎంత విశాల హృదయం! చూశారామ్మా, పెద్దవాళ్ళంటే అదీ. ఒక్క నిమిషం... హలో? హలో, నేనే సార్. కనుక్కున్నాను. దొరికింది. అంటే, దొరకలేదు, పోయింది. అవును సార్, పోయింది! లేదు లేదు, సందేహమే లేదు, కన్నతల్లే స్వయంగా చెప్పింది. చాలా సంతోషం సార్. ఆఁ? ఏడవలేదు సార్. మామూలుగానే చెప్పింది. చిన్నతనంలోనే పోయిందట, కవలల్లో ఒకతె. రెండోదా? ఉంది, ఇక్కడే ఉంది... మంచిదే సార్. సర్దుకుంటుంది. ఉంటాను."

"సర్దుకుంటానా?"

"అలవాటు మీద అన్నానమ్మా. పై వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఏదో ఒకటి అనాలి కదా. మరి నేను బయల్దేరతాను. ఆ బిళ్ళ ఇలా ఇచ్చెయ్యండి."

"బాబూ."

"చెప్పండి పెద్దమ్మగారూ."

"నాకొకటి పంపిస్తావా? ఆ బిళ్ళ."

"ఒకటేం ఖర్మ, పలకంత షీటు పంపిస్తాను."

"ఒకటి చాలు. మొహం మీద నల్ల ముద్ర కొట్టనిది చూసి పంపించు."

"తప్పకుండా. వస్తానమ్మా. మనసులో పెట్టుకోకండి."

అధికారి చెప్పులు వేసుకుని, వరస ఇళ్ళ ముందు నుంచి ఫోన్లో ఇంకెవరికో అదే శుభవార్త చెప్పుకుంటూ వెళ్ళిపోయాడు. పాప తలుపు మూసింది. వచ్చి తల్లి ఎదురుగా నిలబడింది. తల్లి మాత్రం ఇంకో వెల్లుల్లి గడ్డ తీసుకుంది.

"ఎలా అనగలిగావే?"

"ఏమని?"

"కన్నకూతుర్ని ఎదురుగా నిలబెట్టుకుని పోయిందని! నోరెలా వచ్చిందే? ఎవడో దారినపోయేవాడు అడిగితే, నన్ను చంపేసి ఆయన చేతిలో పెట్టావు. ఏం, బిళ్ళ మీద మొహం ఉంటే నీకు ముద్దా, ఇంట్లో నేనుంటే కాదా?"

"నేను నిన్ను పోయావనలేదు. పోయినదాన్ని పోయిందన్నాను."

"ఆయన వెళ్ళిపోయాడమ్మా. ఇంక ఆపు నాటకం."

"ఆపేశాను. ఆపేసే చెబుతున్నాను."

"ఏం ఆపేశావు?"

"కూచో. పొట్టు తొక్కకు, కాళ్ళకంటుకుంటుంది."

"నేను కూచోను. ఏం ఆపేశావో చెప్పు."

"నీకు చేదు మందు తాగించాలంటే నలుగురు పట్టుకోవాలి. ఇప్పటికీ. అవునా?"

"దానికీ దీనికీ ఏంటి?"

"ఆ చుక్కల మందు చేదు విషం. నువ్వే చెబుతావుగా అందరికీ. చేదు మందు పడుతుంటే పసిపిల్ల నవ్వుతుందా? ఇన్నేళ్ళు దాని కింద కూచున్నావు, ఒక్కసారైనా అనుమానం రాలేదా?"

"నేను మొండిదాన్నట, అందుకని నవ్వానట. డాక్టరుగారే చెప్పారు, సభలో, అందరి ముందు."

"ఆయన చెబుతాడు. ఆ పూట మందు నర్సు వేస్తోంది. వరసలో ముందు నిన్నిచ్చాను. నోట్లో పడగానే ఊరు దద్దరిల్లేలా ఏడ్చావు. గౌను మీద కక్కావు. మొహం కందగడ్డ అయిపోయింది. ఇంతలో ఫోటో తీసేవాణ్ణి వెంటబెట్టుకుని డాక్టరొచ్చాడు. నిన్ను చూసి, దీన్ని పక్కకి తియ్యండి, ఇది పనికిరాదు అన్నాడు. నా చంకలో ఉన్నదాన్ని చూశాడు. ఇది బాగుంది, దీన్నివ్వు అన్నాడు. మందు పాడు చెయ్యడం ఎందుకని ముందు నీళ్ళతో తీశారు. నీళ్ళ చుక్క నిలవట్లేదు, ఫోటోలో పడట్లేదు. ఫోటో ఆయనకి ఒకటే విసుగు. అప్పుడు నర్సు వెళ్ళి పక్కవాళ్ళ వంటింట్లోంచి పంచదార పాకం తెచ్చింది. పాకమైతే చుక్క చిక్కగా ఆగుతుంది కదా. వేశారు. దానికి తీపి తగిలింది. ఇంక నవ్వే నవ్వు. నోరు తెరిచి ఇంకా ఇంకా అంటోంది. తీశాడు ఫోటో. అందరూ చప్పట్లు."

"తర్వాత? తర్వాత వేశారు కదా మందు?"

"అడిగాను. దీనికి మందు వెయ్యలేదండీ అని. సీసాలు అయిపోయాయి, రేపు వేద్దాంలే అన్నాడు. మర్నాడు మందుల వ్యాను వేరే పేటకి పోయింది. నేను మళ్ళీ అడిగాను. ఈసారి వచ్చినప్పుడు అన్నారు. వానలు పట్టాయి. దానికి జ్వరమొచ్చింది."

"అబద్ధం. నువ్వు ఆయన మీద కోపంతో చెబుతున్నావు."

"నీతో అబద్ధమాడి నాకేమొస్తుంది? ముందు కాళ్ళు పోయాయి. తర్వాత చేతులు. చివరికి ఊపిరి. అప్పటికి దాని ఫోటో అన్ని పేపర్లలో పడిపోయింది. ఆస్పత్రి గోడల మీద అంటించేశారు. కింద దాని పేరు."

"నా పేరు."

"దాని పేరు."

"మరి డాక్టరుగారు ఏమన్నారు?"

"ఏడ్చాడు. లేదనను. దాని మంచం దగ్గర కూచుని ఏడ్చాడు. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని అన్నాడు, 'అమ్మా, ఈ పాప పోయిందని తెలిస్తే ఒక్క తల్లి కూడా బిడ్డని మందుకి తీసుకురాదు. ఇంకెంతమంది పోతారో ఆలోచించు. నీకింకోటి ఉంది కదా, అదే మొహం. పేరొక్కటి మారిస్తే చాలు' అన్నాడు. ఆయన బతికున్నంతకాలం బయటపెట్టనని మాటిచ్చాను. ఈ ఇల్లిప్పించాడు. నీకు ఉద్యోగమిప్పించాడు."

"ఆయన అన్నదాంట్లో తప్పేముందమ్మా? నిజమే కదా. ఎంతమంది బతికారు!"

"నిజమే. నిజం కాబట్టే నోరు మూసుకున్నాను. అబద్ధమైతే ఆయన గొంతు కొరికేసేదాన్ని."

"మరి ఇవాళెందుకు చెప్పావు? ఆయన పోయినప్పుడు చెప్పలేదు. బిళ్ళ వేస్తున్నారని నేను గంతులేసినప్పుడు చెప్పలేదు. ఇన్నేళ్ళు దాచినదానివి ఇంకాస్త దాచలేకపోయావా? నేను పోయేదాకా?"

"నువ్వు చెరిపెయ్యమన్నావు."

"నా మొహం అనుకుని!"

"ఎవరి మొహమని నువ్వు ఇచ్చేశావు? దాని ఒంటికి ఇంకెవరి తలో పెడతానంటే సరే పెట్టుకోండన్నావు. పేరు నీకిచ్చేశాను. దాని గౌన్లు నీకు తొడిగాను. దాని చావు కూడా తీసుకెళ్ళి ఫోటోలో లేని చెల్లెలి చావని ఊరందరికీ చెప్పుకుంటుంటే విన్నాను. లోకంలో దానికంటూ మిగిలింది ఆ గోరంత మొహం. అది కూడా నీ చేత్తో చెరిపించేస్తే చూస్తూ ఊరుకోమంటావా?"

"అమ్మా, నేను బతికున్నాను కదే. నీ ఎదురుగా ఉన్నాను. అదే మొహం నాది. చూడు. ఇటు తిరిగి ఒక్కసారి చూడు."

"చూశాను. చాలా చూశాను. జ్వరం తగ్గినట్టు, అది లేచొచ్చినట్టు ఉండేది మొదట్లో. నీ నోట్లో పాకం చుక్క వేసి చూసేదాన్ని, అలా నవ్వుతావేమోనని. నవ్వేదానివి కాదు. ఉమ్మేసేదానివి."

"నాకు తీపి పడదు."

"దానికి పడేది. ఏడవకు. ఏడిస్తే అచ్చం ఆ రోజులాగే ఉంటావు."

"చెల్లి పేరేంటని ఎన్నిసార్లు అడిగాను నిన్ను? అడిగినప్పుడల్లా పొయ్యి మీద ఏదో మాడిపోతోందని లేచిపోయేదానివి. ఇప్పుడు చెప్పు. దాని పేరు నాకు పెట్టారు, సరే. మరి నా పేరేంటి? నేను పుట్టినప్పుడు పెట్టిన పేరు."

"ఇప్పుడెందుకది?"

"చెప్పు."

"పెట్టలేదు."

"అదేంటి? నడిచే వయసొచ్చింది కదా మాకు. ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకపోవడం ఏంటి?"

"పెడదామనే అనుకున్నాం. ఒకళ్ళకి పెట్టాక రెండోదానికి తొందరేముందిలే అనిపించింది."

"మరి నన్నేమని పిలిచేదానివి?"

"పిలిచేదాన్ని కాదు. దాన్ని పిలిస్తే వెనకాలే నువ్వూ వచ్చేదానివి."